ఏటి కెదురీదు పులస

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్ దాటి, వరంగల్లు మార్గమున కొంత దూరము పోయినచో మేడిపల్లి వచ్చును. మేడిపల్లికి దక్షిణమున, క్రొత్తగా లేచిన యిండ్లకును మిగిలిన పొలములకును ఆవల, మూసీనది తూర్పుదిక్కుగా సాగిపోవుచున్నది. నగరము విడిచిన మురుగును మోసికొని పోవుచున్నందున ఆ నీటి రంగును వాసనయు చెప్పదగినవి కావు. అయినను అది నదియే. నగరము దాటిన తరువాత దానికి అడ్డముగా అక్కడక్కడ రాతికట్టలు కలవు. రైతులు వాటిని కత్వలు అందురు. కత్వవద్ద నిలిచిన నీరు ప్రక్కకాలువలోనికి మరలి చెరువులను నింపును. మిగిలిన నీరు కత్వమీదుగా దుమికి ముందుకు పోవును.

ఆ నీటిలో ఒక ఎండుటాకును విడిచినచో అది యెక్కడికి చేరును? పటమును ముందు పెట్టుకొని చూచినచో తెలియును. మూసీ నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములకు దిగి, 1963లో ముగిసిన మూసీ ప్రాజెక్టును దాటి, వాడపల్లివద్ద కృష్ణలో కలియును. కృష్ణ పులిచింతల జలాశయమును, విజయవాడలోని ప్రకాశం బ్యారేజిని గడచి, హంసలదీవివద్ద సముద్రములో పడును. ఎన్ని కట్టలు అడ్డము వచ్చినను నీరు వాటిమీదుగనో, తలుపుల క్రిందుగనో దిగుచునే యుండును గనుక ఆకునకు దారి దొరకును.

ఇప్పుడీ ప్రశ్నను తిరుగవేసి అడుగవలెను. సముద్రమునుండి ఒక చేప బయలుదేరి, ఇదే దారిని ఎదురీది, మేడిపల్లి దరికి రాగలదా? విజయవాడ చేరునప్పటికే దానికి మొదటి గోడ యెదురగును. దానిని దాటినను పులిచింతల యున్నది. దానిని దాటినను మూసీ ప్రాజెక్టును, ఆ పైని కత్వలును ఉన్నవి. నీరు దిగువకు పోవు దారి యున్నంతమాత్రమున చేప యెగువకు వచ్చు దారి యున్నదని అనుకొనరాదు. ఈ రెండు దారులు ఒకటి కావు. ఆనకట్టలు కట్టిన వారిలో పెక్కుమంది చాలకాలము ఈ భేదమును గమనింపలేదు.

చేపలకు ప్రయాణములతో పనియేమి యని కొందరికి తోచవచ్చును. చెరువులోని బొచ్చె, కొఱ్ఱమీను ఉన్నచోటనే యుండి పెరుగుట అందరును చూచినదే. కాని కొన్ని జలచరములకు ఒక్క నీరు చాలదు. మలుగుపాము పేరునకు పామేగాని నిజమునకు చేప. అది సముద్రమున పుట్టి, పిల్లగా నున్నప్పుడే నదులలో ప్రవేశించి, పెక్కేండ్లు మంచినీటిలో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల సముద్రమునకు పోవును. దారపుపోగువలె నుండు మలుగుపిల్ల తడిసిన రాతిగోడమీద ప్రాకి చిన్న కట్టలను ఎక్కగలదు. నీలకంఠరొయ్య నదిలో పెరిగి, గ్రుడ్లు పొదుగుటకు ఉప్పునీరు కలిసిన నదీముఖములకు దిగును. దాని పిల్లలు మరల నదిలోనికి ఎక్కివచ్చును. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండముల చలినదులలోని సాల్మను చేపలును, ట్రౌటు చేపలలో కొన్నియు దీనికి విరుద్ధముగా నడచును. అవి నదిలో పుట్టి, సముద్రములో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు నదికి తిరిగివచ్చును. తెలుగునాట ఈ మూడవ తెగ ప్రయాణము చేయు చేపలలో ప్రసిద్ధికెక్కినది పులస. గోదావరి కిరుప్రక్కల దాని పేరెరుగని వారు లేరు.

శాస్త్రజ్ఞులు పులసను టెన్యులోసా ఇలిషా యందురు. వంగదేశీయులు దానినే ఇలిష్ అని పిలుతురు. సముద్రములో నున్నంతకాలము గోదావరి ప్రాంతపు జాలరులు దానిని విలస యనియే యందురు. నదిలో ప్రవేశించి మంచినీటి కెదురీదిన తరువాతనే దానికి పులస యను పేరు వచ్చును. ఒక్క చేపకే ఉప్పునీట నొక పేరు, తీపినీట నొక పేరు! పుస్తకములు చదువకయే జాలరులు ఆ చేప జీవితములోని ముఖ్యఘట్టమును కనిపెట్టి, దానిని పేరులోనే నిలిపియుంచిరి.

ఆషాఢమాసము నాటికి పైదేశములందు వానలు కురిసి గోదావరికి క్రొత్తనీరు వచ్చును. మట్టితో కలిసి ఎఱ్ఱబారిన ఆ నీరు అంతర్వేది, యానాము మొదలగు చోట్ల సముద్రములో కలియగానే అక్కడి నీటి ఉప్పదనము తగ్గును. విలసల గుంపులు ఆ మార్పును గుర్తించి నదిలోనికి తిరుగును. జూలైనుండి సెప్టెంబరువరకు ఇది సాగును. ఎదురీదునప్పుడు అవి మేత మేయుట చాల తగ్గించి, సముద్రములో తిని కూర్చుకొన్న కొవ్వును కరగించుకొనుచు పోవును. ఆ ప్రయాణమున వాని శరీరమునందలి లవణము తగ్గి, మాంసము మెత్తనై, రుచి మారును. తినువారు మెచ్చుకొను రుచి ఆ ప్రయాణపు ఫలమే. ఈ కారణముచేతనే పట్టిన పులస యొక్కొక్కటి వేలకొలది రూపాయలు పలుకుచున్నది. ఈ కారణముచేతనే నదిముఖ మెన్నడును చూడని సముద్రపు విలసను, ఇతర రాష్ట్రములనుండి మంచుగడ్డలలో వచ్చిన ఇలసను పులసయని చెప్పి అమ్మువారును బయలుదేరిరి.

ఒక్క ఆడచేప లక్షమొదలు ఇరువది లక్షలవరకు గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్లు పారునీటిలో తేలుచు మునుగుచు కొట్టుకొనిపోవుచు, సుమారొక దినములో పగులును. పిల్లలు కొన్ని మాసములు మంచినీటిలో పెరిగి, జానెడైనంతనే సముద్రమునకు దిగిపోవును. లక్షల గ్రుడ్లన్నంతమాత్రమున భయము లేదనుకొనరాదు. వానిలో పెద్దవై తిరిగివచ్చునవి అతిస్వల్పము. అందుకే ప్రకృతి అన్ని గ్రుడ్లు ఇచ్చినది.

ఈ చేప దారికి అడ్డము వచ్చిన గోడ సామాన్యమైనది కాదు. దానిని నిందించుట సులభము కాదు.

రాజమహేంద్రవరమునకు దిగువన, సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, ధవళేశ్వరమువద్ద గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్ద పాయలుగా చీలును. 1832-33లో వచ్చిన ఘోరమైన కరవు, 1839లో వచ్చిన తుపాను ఆ జిల్లాను నేలమట్టము చేసినవి. 1821లో రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు తగ్గెను. కండ్లయెదుట మహానది సముద్రములోనికి పారుచుండగా ప్రజలు అన్నము లేక చచ్చుచుండిరి. ఆ స్థితిలో ఆర్థర్ కాటన్ అను సైనిక ఇంజనీరు ఆనకట్టకు తలపెట్టెను. పని 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. నడుమ నున్న లంకలను ఆధారముగా గొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిన ఆ కట్ట సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవు గలది. నేడు ఆ నీటిమీద పది లక్షల యెకరములు పండుచున్నవి. గోదావరి మండలమున ఊరూర కాటన్ విగ్రహములు నిలుచుటకు కారణ మదియే. పాత ఆనకట్ట శిథిలము కాగా, దాని స్థానమున 175 తలుపులతో కట్టిన క్రొత్త బ్యారేజి 1980 తరువాత వాడుకలోనికి వచ్చెను. దానికిని కాటన్ పేరే పెట్టిరి.

మనుష్యులకు అన్నము పెట్టిన ఆ కట్టయే పులసకు దారి మూసెను. చేప ఆ కట్టదాక వచ్చి, దాని పాదమున గుంపులుగూడి, పైకి పోవు మార్గము వెదకుచు తిరుగును. ఆగి నిలిచిన గుంపును వలవేసి పట్టుట కష్టము కాదు. ఆనకట్టలవలన ఈ జాతి నశించునని హెచ్చరించిన వారును లేకపోలేదు. మద్రాసు సైన్యములో వైద్యుడుగా నుండి, తరువాత భారతదేశపు మత్స్యశాఖ తనిఖీ అధికారియైన ఫ్రాన్సిస్ డే 1873లో ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, కట్టలలో చేపలకు దారులు విడువవలెనని వ్రాసెను. నూటయేబది సంవత్సరముల నాటి మాట యది.

కావేరిలో జరిగినది చూచినచో ఆ హెచ్చరిక యెంత నిజమో తెలియును. కావేరి పాయయగు కొల్లిడముమీద 1836లో దిగువ ఆనకట్ట లేచెను. పైకి పోలేని చేపలు అక్కడ గుమిగూడుచుండగా, 1909 ప్రాంతమున మద్రాసు మత్స్యశాఖవారు వాని గ్రుడ్లను చేతితో తీసి, పొదిగించి చూచిరి. అంతలో 1934లో మెట్టూరు జలాశయము వచ్చి వరదలనే ఆపివేసెను. క్రొత్తనీరు లేక సముద్రములోని చేపకు పిలుపే అందలేదు. కావేరిలో నేడీ చేప దాదాపు కనుమరుగైనది. గోడయొక్కటియే దారిని మూయదు. నీరు రాకపోయినను దారి మూసికొనిపోవును.

గంగలో ఒకప్పుడు ఈ చేప ప్రయాగ దాటి, యమునలో ఆగ్రావరకును పోయెడిది. 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయ నారంభించిన తరువాత ఎగువనున్న జాలరుల వలలలో అది అరుదైపోయెను. ఫరక్కావద్ద చేపలకొరకు లాకులు కట్టకపోలేదు. కట్టినను అవి ఇంచుమించుగా నిష్ఫలమైనవి. ఎందువలన?

ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్నచో చేపల మెట్లు ఎట్లు పనిచేయునో చూడవలెను. ఆనకట్ట ప్రక్కన వాలుగా ఒక కాలువ కట్టుదురు. అందులో వరుసగా చిన్న చిన్న తొట్లు ఉండును. పైతొట్టినుండి క్రిందితొట్టికి నీరు కొద్దియెత్తునుండి పడుచుండును. చేప క్రిందితొట్టిలో ఊపిరి తీసికొని పైతొట్టిలోనికి దుమికి, అక్కడ కొంత విశ్రమించి, మరియొకదానికి పోవును. సాల్మను, ట్రౌటు చేపలకు ఈ మెట్లు బాగుగా సరిపోవును. ఎందుకన అవి స్వభావముచేత దూకునట్టివి. కొన్నిచోట్ల తొట్లనడుమ గోడలలో పైనుండి క్రిందివరకు నిలువుగా చీలిక విడుతురు. అప్పుడు చేప దూకనక్కరలేదు, చీలికగుండా ఈదిపోవచ్చును. నది పొంగినను తగ్గినను చీలిక పనికివచ్చును. కెనడాదేశమున ఫ్రేజరు నదిలో హెల్స్ గేట్ అను ఇరుకుచోట, రైలుమార్గము వేయునప్పుడు 1914లో కొండచరియ విరిగిపడి సాల్మనులకు దారి తప్పెను. లోపము గుర్తించి చీలికల దారి కట్టునప్పటికి 1945 వచ్చెను. అటుపిమ్మట చేపలు మరల పైకెక్కినవి.

లాకు మరియొక విధము. కోనసీమ కాలువలమీద పడవలు లాకులలో నిలిచి, నీటితోపాటు పైకి లేచుట పెద్దలు చూచియున్నారు. చేపల లాకును అట్టిదే. చేపలు క్రిందిగదిలో చేరగానే తలుపు మూసి, నీరు నింపి, పైతలుపు తీయుదురు. పడవకు సరంగు ఉండును గనుక లాకు ఎక్కడనున్నదో పడవకు తెలియును. చేపకు ఎవరు చెప్పుదురు?

చిక్కంతయు ఇక్కడనే యున్నది. చేప వాకిలిని కండ్లతో చూచి కనుగొనదు. ప్రవాహము నంటి పోవును. ఎక్కడ నీరు బలముగా వచ్చునో అక్కడికే అది చేరును. రెండు మూడు కిలోమీటర్ల బ్యారేజిలో తలుపులన్నియు నీటిని విడుచుచుండగా, ఒక మూలనున్న కొద్ది మీటర్ల వాకిలినుండి సన్నని ధార వచ్చుచున్నచో, ఆ ధారను ఏ చేప గుర్తించును? అందుచేత మెట్లు కట్టుటకన్న మెట్లకు పిలుచు నీటిని విడుచుట ముఖ్యమైనది. పొలమునకు పోవలసిన నీటిలో కొంత చేపకై విడువవలెనన్నచో లెక్కలు చూచువారు వెంటనే ఒప్పుకొనరు.

పులస విషయమున మరియొక కష్టము కలదు. అది దూకు చేప కాదు. గుంపుగా ఈదు చేప. అమెరికాలోని షాడ్ అను చేప దీనికి దగ్గరి చుట్టము. అది ఇరుకు సందులను, మూలమలుపులను చూచి జంకి వెనుకకు తిరుగునని అక్కడి ఇంజనీర్లు చాల కాలమునకు తెలిసికొనిరి. సాల్మనుకు కట్టిన మెట్లు షాడ్‌కు పనికిరాలేదు. వెడల్పయిన చీలికలు, తక్కువ యెత్తు మెట్లు, కలతలేని నీరు దానికి కావలసివచ్చెను. కొన్ని చోట్ల తొట్టిలో చేపలను చేర్చి యంత్రముతో పైకెత్తు చేపల లిఫ్టులు కట్టిరి. పులస మరింత సుకుమారమైనది. వలలోనుండి తీసిన కొద్దిసేపటికే ప్రాణము విడుచును గనుక దానిని పట్టి మోసికొనిపోవుటయు తేలిక కాదు. అయినను బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థవారు ఇటీవలి సంవత్సరములలో ఫరక్కాకు ఎగువన సజీవముగా ఇలసలను విడిచి, కొన్నింటికి గుర్తుబిళ్ళలు తగిలించి, అవి యెంతదూరము పోవుచున్నవో పరిశీలించుచున్నారు.

గోదావరిమీద నిర్మాణములో నున్న పోలవరము ప్రాజెక్టు స్పిల్వేలో పులసకొరకు చేపల మెట్లను కూర్చినారు. జలాశయము మట్టము మారినను పనికివచ్చునట్లు వేర్వేరు ఎత్తులలో వాకిళ్ళు ఏర్పరచినారు. ఆనకట్ట కట్టునప్పుడే చేపను తలచుకొనుట మెచ్చదగిన పని. ఫ్రాన్సిస్ డే అడిగినది అదియే. కాని పోలవరము ఎగువన నున్నది. ధవళేశ్వరము దిగువన నున్నది. వీధితలుపు మూసియుంచి నట్టింటి తలుపు తీసినచో చుట్ట మెట్లు లోనికి వచ్చును? ధవళేశ్వరమును దాటిన చేపకే పోలవరపు మెట్లు ఉపకరించును. ఆ మెట్లెక్కిన చేపకు పైన ఎదురగునది నిలువ నీటి జలాశయము. పారునీటిలో కొట్టుకొనిపోవలసిన గ్రుడ్లు అందులో అడుగునకు దిగు ప్రమాదమున్నది. గ్రుడ్లు పెట్టుటకు చేప జలాశయమును దాటి ఇంకను పైకి పోవలెను. పిల్లలు మరల అంతదూరమును దిగిరావలెను. దిగివచ్చునప్పుడు కొన్ని పిల్లలు కాలువలలోనికి కొట్టుకొనిపోయి వరిచేలలో పడును. అక్కడినుండి సముద్రమునకు దారి లేదు. ఎక్కుదారికి పేరు వచ్చినది గాని, దిగుదారిని గూర్చి పలుకువారు తక్కువ.

కట్టను కూల్చివైచి దారి తెరచిన దేశములును ఉన్నవి. అమెరికాలో మెయిన్ రాష్ట్రమున కెన్నిబెక్ నదిమీద 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ ఆనకట్టను 1999లో తొలగించిరి. షాడ్ చేపలును, వాని దాయాదులైన ఏల్‌వైఫ్ చేపలును లక్షలకొలదిగా తిరిగివచ్చినవి. వాషింగ్టన్ రాష్ట్రమున ఎల్వానదిమీద రెండు ఆనకట్టలు సుమారు నూరేండ్లు చేపలను ఆపియుంచినవి. వానిని 2011, 2014 సంవత్సరముల నడుమ తొలగించిరి. ఆనకట్టలకు పైన చిక్కుపడిన ట్రౌటులు తరతరములుగా సముద్రమును చూడకయే పెరిగినవి. దారి తెరచుకొన్నంతనే వాని సంతతి సముద్రమునకు పోయి, బలిసి, తిరిగివచ్చుట మొదలుపెట్టెను. తాతముత్తాతలు మరచిన దారిని పిల్లలు ఎట్లు పట్టుకొన్నవో యని పరిశోధకులే ఆశ్చర్యపడిరి.

ధవళేశ్వరమును కూల్చుమని యెవ్వరును అనరు, అనుటయు తగదు. పది లక్షల యెకరముల అన్నము దానిమీద నున్నది. చేయదగిన పనులు వేరుగా నున్నవి. తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు సముద్రములో యంత్రపు పడవలతో చేపలు పట్టరాదను నిషేధము కలదు. అది ముగిసిన కొన్ని వారములకే పులస బయలుదేరును! ఇతర చేపలకు రక్షణమైన ఆ నిషేధము పులసకు అక్కరకు రాదు. నదీముఖమున వరుసగా పరచిన వలలే దానికి స్వాగతము చెప్పును. బంగ్లాదేశములో ఇలిష్ జాతీయమత్స్యము. అక్కడ గ్రుడ్లు పెట్టు అక్టోబరు మాసములో 22 దినములు ఆ చేపను పట్టుట, అమ్ముట మాన్పించుచున్నారు. 25 సెంటీమీటర్లకు తక్కువైన పిల్లలను నవంబరునుండి జూన్‌వరకు ముట్టనీయరు. ఆ దినములలో పని లేని జాలరి కుటుంబములకు ప్రభుత్వము బియ్యము పంచుచున్నది. బియ్యము సరిగా అందనిచోట నిషేధమును సరిగా సాగదు. ఆకలిగొన్న వానికి చేపల వంశవృద్ధిని బోధించి లాభము లేదు.

మరియొక దారి బ్యారేజి తలుపులలోనే యున్నది. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరగానే మొదటి ప్రమాదహెచ్చరిక యిచ్చుదురు. ఆ సమయమున సెకనుకు పది లక్షల ఘనపుటడుగుల నీరు సముద్రమునకు పోవుచుండును. తలుపులన్నియు పైకెత్తబడి, కట్టకు పైనీటికిని క్రిందినీటికిని మట్టములో భేదము తగ్గిపోవును. లంకగ్రామములవారు సామానులు మూటగట్టుకొను వేళ యది. అడ్డమైన గోడ నీటిలో మునిగిన ఆ వేళ, అంత ప్రవాహమును తట్టుకొనగలిగిన చేపకు దారి తెరచియుండును. వరద తగ్గగానే తలుపులు ఒకటొకటిగా దిగును. ఏ తలుపును ముందుగా దింపవలెను, ఏ యొడ్డుననున్న తలుపును చివరివరకు ఎత్తియుంచవలెను, అనునది నేడు కాలువల యవసరమును బట్టియు, వరద బలమును బట్టియు నిర్ణయింపబడుచున్నది. ఒడ్డు దగ్గర ప్రవాహము మెల్లగా నుండుచోట కొన్ని తలుపులను మరికొన్ని దినములు ఎత్తియుంచినచో ఎన్ని చేపలు పైకి పోవునో, గుర్తుబిళ్ళలు కట్టి లెక్కింపవచ్చును. దానికి క్రొత్త గోడ కట్టనక్కరలేదు.

మూసీ సంగతి వేరు. అక్కడ చేపకు ముందుగా కావలసినది మెట్లు కాదు, ఊపిరి. మురుగు కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును గనుక, కత్వ లేకపోయినను సున్నితమైన చేప అందులో నిలువజాలదు. నగరపు మురుగును శుద్ధిచేసి విడుచు కేంద్రములు నదివెంబడి కొన్ని పనిచేయుచున్నవి, మరికొన్ని కట్టుచున్నారు. వానినుండి వచ్చు నీరు నిజముగా తేటపడిన నాడు, తడిసిన కత్వరాళ్ళమీద ప్రాకి మొదట పైకి రాగలిగినది మలుగుపిల్లయే కావచ్చును.